ఎగిరే బండిలో నలభై ట్రేల రసాలు

మొదటే చెప్పేస్తాను. ఈ యాత్రలో గుళ్ళు లేవు, కొండలు లేవు. సూర్యోదయం ఒకటుంది గానీ ఆ టైములో నేను టార్పాలిన్ తాడు బిగిస్తున్నాను, చూడలేదు. చాట్రాయి నుంచి హైదరాబాదుకి మామూలు మనుషులకి ఆరేడు గంటలు పడుతుంది. మాకు మూడు రోజులు పట్టింది. దారి పొడుగునా నేను ఎక్కువగా చూసింది ఒక పికప్ బండి వెనక చక్రాలు, వాటి కిందకి వంగి చూస్తున్న రకరకాల మనుషుల వీపులు. అవే రాస్తాను. వెళ్ళనివాళ్ళు చదివి వెళ్ళొచ్చినట్టే అనుకోండి. నడుం నొప్పి మటుకు నాకొదిలెయ్యండి.

బండి మా శీను బావది. మామిడితోట మా అక్క సునీతది, బావది కలిపి. తోటలో సగం చిన్న రసాలు. ఏటా కాయ పిందె మీద ఉండగానే తోట మొత్తం గుత్తకిచ్చేసేవాళ్ళు. గుత్తదారు కోసుకుపోయేవాడు, వీళ్ళు అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళు. ఈ ఏడు అక్క అడ్డం తిరిగింది. హైదరాబాదులో ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో తన క్లాస్‌మేట్ ఉంది. ఆవిడ ద్వారా నేరుగా ఇళ్ళకే అమ్ముతానంది. ఆ ఇంట్లో ఆడవాళ్ళెవరూ అంతకు ముందు తోట బేరం చెయ్యలేదు. కాబట్టి అందరూ ఆసక్తిగా ఎదురు చూశారు, ఎప్పుడు దెబ్బ తింటుందా అని.

మొదటి లోడు రెండు వారాల క్రితం వెళ్ళింది. ముప్పై ట్రేలు. రసం తినే పద్ధతి తెలుసు కదా. చేతిలోకి తీసుకుని మెల్లిగా పిసికి, లోపలంతా మెత్తబడ్డాక తొడిమ దగ్గరి ముచ్చిక కొరికి పీల్చాలి. మా బండి అందులో మొదటి సగం పని దార్లోనే చేసి పెట్టింది. సగం ట్రేలు కింద నుంచి కారుతూ దిగాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫోటో పెట్టి "ఇది జ్యూస్ ఆర్డరా?" అని రాశారట. అక్క అందరికీ డబ్బులు వెనక్కిచ్చి, ఇంకొక్క అవకాశం అడిగింది.

ఈసారి నలభై ట్రేలు. ఆదివారం పొద్దున ఎనిమిదికి గేటు దగ్గర ఉండాలి. అక్క బస్సులో ముందే వెళ్ళిపోతూ బావతో ఒకటే మాట అంది. "ఈసారి కూడా జ్యూసే దిగితే ఆ మధ్యాహ్నమే తోట గుత్తకిచ్చేద్దాం. ఇంక నేను నోరెత్తను."

అక్క నోరెత్తకపోవడం అనేది మా కుటుంబంలో ఎవరూ ఊహించుకోలేని విషయం. బావకి చెమటలు పట్టాయి.

చాట్రాయి, శుక్రవారం పొద్దున

ఈ బండి ఎందుకు ఎగురుతుందో చెప్పాలి. కొన్నరోజున షోరూము నుంచి తెచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, అటునుంచి అటే చింతలపూడిలో కట్టలేసే షాపుకి తీసుకుపోయారు. కట్టలంటే వెనక ఇరుసు మీద బరువు మోసే ఇనప పట్టీలు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. కంపెనీవాడు లెక్క ప్రకారమే పెడతాడు. కానీ మా వైపు కంపెనీ పెట్టినన్ని కట్టలతో బండి తిప్పడమంటే కుట్టించుకున్న చొక్కాకి గుండీలు పెట్టించుకోనట్టు. పక్కకి రెండేసి ఎక్కువ వేయిస్తారు. అప్పుడు బండి వెనక ఎత్తుగా లేచి నిలబడుతుంది. దాన్ని చూసి వీధిలోవాళ్ళు "రెండున్నర టన్నులు లాగుద్దండీ" అనాలి. అన్నారు కూడా. బావ ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

తంటా ఏంటంటే బావ జీవితంలో రెండున్నర టన్నులు వేసింది ఒక్కసారి, ఎవరి ఇంటికో ఇటుకలు. మిగతా రోజులన్నీ ఎనిమిది వందల కేజీల మామిడిపళ్ళు. ఆ బరువు ఆ కట్టలకి తెలియను కూడా తెలీదు. గతుకు వస్తే వెనకభాగం గేదె తన్నినట్టు లేస్తుంది.

దీనికి మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. దూరం నుంచి కల్వర్టు కనబడగానే బావ "కల్వర్టూ!" అని కేకేస్తాడు. ఇద్దరం సీట్లోంచి పిర్రలు లేపి గాల్లో ఉంటాం. బండి ఎగిరి దిగాక మేమూ దిగుతాం. పళ్ళకి ఈ సదుపాయం లేదు.

శుక్రవారమే ఎందుకు బయల్దేరామంటే, "నూజివీడులో గంట పని, ఎగురుడు తగ్గించుకుని పోదాం" అన్నాడు బావ. కాయలు దోరగా కోసి గడ్డిలో పెట్టాం. దోర కాయ ఎగిరినా తట్టుకుంటుంది. మే నెల ఎండకి మూడో రోజుకి పండుతుంది. పండిన రసం ఎవరైనా పక్కన తుమ్మినా చితుకుతుంది. అంటే మేం ఆలస్యం చేసిన ప్రతి గంటకీ లోపల సరుకు మెత్తబడుతూ ఉంటుంది. అది నేను బావకి చెప్పాను.

"ఒరేయ్ చంటీ, నువ్వు ఎక్కకముందే అపశకునాలు మాట్లాడకురా," అన్నాడు.

నూజివీడు

గంట పని మొదలుపెట్టే ముందు పెసరట్టు ఉప్మా తిన్నాం. యాభై రూపాయలు. అల్లం చట్నీ అడిగినన్నిసార్లు వేశాడు. ఈ మొత్తం యాత్రలో అనుకున్నది అనుకున్నట్టు జరిగింది అదొక్కటే, అందుకని రాస్తున్నాను.

టైర్ల షాపాయన వెనక టైరుని వేలితో కొట్టి చూశాడు. రాయి మీద కొట్టినట్టు శబ్దం వచ్చింది.

"గాలెంత పెట్టారండీ?"

"డెబ్బై," అన్నాడు బావ, మార్కులు చెప్పినట్టు.

"ఎందుకండీ అంత?"

"మైలేజీ వస్తదని."

"మైలేజీ సంగతేమో గానీ ఇది టైరు కాదండీ, రోలరు. యాభై పెట్టండి చాలు, ఈ లోడుకి." ఆయన కిందకి వంగి చూసి లేచాడు. "పైగా ఇన్ని కట్టలేంటండీ బాబూ? రెండేసి తీసేయించండి."

బావ మొహం మాడింది. "కట్టల జోలికి రావద్దండీ. గాలి సంగతి చూడండి."

చాలాసేపు బేరం జరిగింది. గాలి బేరం ఆడే మనిషిని నేను అప్పుడే చూడటం. చివరికి బావ డెబ్బై నుంచి అరవై అయిదుకి దిగాడు. ఆ అయిదు కూడా సొంత ఆస్తి రాసిచ్చినట్టు ఇచ్చాడు.

నూజివీడు దాటి మైలవరం రోడ్డెక్కాక తేడా తెలిసింది. తేడా లేదు. రెడ్డిగూడెం ఇవతల ఒక కల్వర్టు దగ్గర మేం పద్ధతి ప్రకారం గాల్లోకి లేచాం. వెనక ఏదో ధబ్‌మంది. కాసేపటికి ఒక బైకాయన హారన్ కొట్టుకుంటూ వెంటపడ్డాడు. "ఆపకు, ఎవడో గొడవకొస్తున్నాడు," అని బావ స్పీడు పెంచాడు. పికప్‌తో బైకుని ఓడించాలనుకోవడం కూడా బావకే చెల్లింది. రెండు కిలోమీటర్ల తర్వాత ఆయన ముందుకొచ్చి బండి అడ్డం పెట్టాడు. చేతిలో ఒక మామిడికాయ.

"ఇది మీదేనాండీ? ఎగిరొచ్చి నా పెట్రోలు ట్యాంకు మీద పడింది."

"సారీ అండీ," అన్నాను. "దెబ్బేం తగల్లేదుగా?"

"నాకేం కాలేదండీ." కాయని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రసమే కదా? కాకపోతే ఒకటే వచ్చింది. ఇంట్లో ఇద్దరు పిల్లలండీ."

ఇంకో మూడు కాయలిచ్చి పంపించాం. ఆయన సంచీ తీసి పట్టుకున్న తీరు చూస్తే, మళ్ళీ వెనకే వస్తాడేమోనని నాకు మైలవరం దాకా అనుమానంగానే ఉంది.

మైలవరం

ఇక్కడ బాషా అని బావకి తెలిసిన మెకానిక్ ఉన్నాడు. బండి వెనక మూల పట్టుకుని గట్టిగా ఒకసారి కిందకి నొక్కి వదిలాడు. బండి ఊగిందా అని చూశాం. ఊగలేదు. బాషా ఒక్కడే ఊగాడు.

"షాకబ్జర్లు పోయాయి శీనన్నా. నూనె మొత్తం కారిపోయింది. మారుస్తా. కానీ అసలు మాట చెప్పనా?"

"కట్టల సంగతైతే చెప్పకు."

"చెప్పను. కట్టలు తియ్యమని నేను చెప్పను." బాషా నావైపు తిరిగాడు. "చంటీ, మీ బావకి చెప్పు, కట్టలు తియ్యమని."

చెప్పాను. బావ నన్ను పట్టించుకోకుండా మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి నడిచాడు. ప్లేటు నలభై. ఉల్లిపాయ, నిమ్మరసం బాగా దట్టించాడు. తింటుంటే గుత్తదారు దగ్గర్నుంచి బావకి ఫోను. "ఎంతవరకొచ్చారండీ? పళ్ళు క్షేమమేనా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. పెళ్ళివారి మర్యాదలా ఉంది. ఆ రోజు అది మూడో ఫోను.

షాకబ్జర్లు విజయవాడ నుంచి రావాలన్నాడు బాషా. రేపు పదింటికి. అంటే గంట పని కాస్తా ఒక రాత్రి పని అయింది. బాషా షెడ్డులో బండి పెట్టి టార్పాలిన్ కొంచెం పైకెత్తి గాలి ఆడేలా చేశాం. లోపల్నుంచి గుప్పుమని వాసన వచ్చింది. ఇంకెప్పుడైనా అయితే ఆ వాసనకి ఆనందపడేవాణ్ణి.

"పండుతున్నాయిరా," అన్నాడు బావ నీరసంగా.

"మరి ఏం చేస్తాయి బావా, చదువుకుంటాయా?"

నందిగామ దగ్గర, శనివారం

కొత్త షాకబ్జర్లతో హైవే ఎక్కేసరికి ఎండ నెత్తిమీద ఉంది. ఇంతకు ముందు గతుకు వస్తే బండి నాలుగుసార్లు ఎగిరేది. ఇప్పుడు ఒక్కసారే ఎగురుతోంది. కానీ ఆ ఒక్కటీ నాలుగింటికి సరిపడా ఎగురుతోంది. హైవే మీద ఇంకో బాధుంది. ఊళ్ళో రోడ్డయితే గతుకు కనిపిస్తుంది, లేస్తాం. ఇక్కడ రోడ్డు అద్దంలా ఉందనుకునేలోపు వంతెన అతుకు వస్తుంది. ధడ్. మళ్ళీ అద్దం. మళ్ళీ ధడ్. ఆ స్పీడులో బావ కేకకి టైము ఉండదు. ఒకసారి "కల్వ" అనేసరికే వెళ్ళిపోయింది. మిగతా సగం నాలుక కరుచుకుని ఆగిపోయాడు.

నందిగామ దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఆపాం. బావ వెనక్కి వెళ్ళి చివరి వరసలో ఒక ట్రే తీసి, గడ్డి తొలగించి, ఒక పండుని బొటనవేలితో తాకాడు. వేలు లోపలికి పోయింది. మళ్ళీ గడ్డి కప్పాడు.

సినిమా అయితే ఇక్కడ వాన పడాలి. పడలేదు. పక్కన లారీవాడు పళ్ళు తోముకుంటున్నాడు.

అప్పుడే మా వెనక ఒక వ్యాను వచ్చి ఆగింది. నిండా కోడిగుడ్లు. అట్టల మీద అట్టలు, మనిషెత్తు. జగ్గయ్యపేటలో దింపడానికి వెళ్తోంది. దాని డ్రైవరు యాభై దాటిన మనిషి, పేరు వీరాస్వామి. ఆయన మమ్మల్ని చూడలేదు, ముందు మా బండి వెనక భాగాన్ని చూశాడు. టీ గ్లాసుతో మా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఇటుకలాండీ?" అన్నాడు.

"మామిడిపళ్ళు," అన్నాను. "రసాలు."

ఆయన టీ తాగడం ఆపేశాడు. "రసాలా? ఈ బండిలోనా?" అని బావని చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. అందుకే బావకి ఎక్కువ తగిలింది.

"మీ గుడ్లు ఎన్ని పగుల్తాయండీ దార్లో?" బావ ఎదురు ప్రశ్న వేశాడు, పౌరుషంగా.

"అయిదో పదో. అవి కూడా దింపేవాళ్ళ చేతుల్లో." వీరాస్వామి గారు టీ గ్లాసు బావ చేతికిచ్చి, వెళ్ళి తన వ్యాను వెనక బంపరు మీద నిలబడ్డాడు. అంత లోడు మీద కూడా బండి మెత్తగా కొంచెం దిగింది, ఆయన దిగాక లేచింది. "ఇప్పుడు మీది ఎక్కండి."

బావ ఎక్కాడు. ఏం కదల్లేదు. నేనెక్కాను. టీ కొట్టాయన తమాషా చూడ్డానికి వచ్చి తనూ ఎక్కాడు. ముగ్గురం కలిసి తొక్కాం. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు మేం భజన చేస్తున్నామనుకుని ఉంటారు. బండి మటుకు అలాగే ఉంది.

"చూశారా," అన్నాడాయన. "కట్ట వంగాలి బాబూ. అది వంగకపోతే దాని మీదున్నవి వంగుతాయి. గతుకు దెబ్బ ఎవరో ఒకరు తినాలి కదా? మీరు ఇనుముని కాపాడి పళ్ళకి తినిపిస్తన్నారు."

టైర్ల షాపాయన చెప్పాడు. బాషా చెప్పాడు. నేను ఏడాదిగా చెబుతున్నాను. అప్పుడు కదలని బావ, గుడ్లు మోసే మనిషి చెప్పేసరికి తల వంచుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. నేను కూడా ముందే గుడ్ల వ్యాపారం పెట్టి ఉండాల్సింది.

వీరాస్వామి గారు లోపలికి కూడా తొంగి చూశాడు. మా వైపు దింపడం తేలికని ట్రేలు వెనక తలుపు దగ్గరే పేరుస్తాం. క్యాబిన్ వెనకాల ఖాళీలో స్టెప్నీ, నీళ్ళ డ్రమ్ము, బావ మడత మంచం. "మంచం మీద ఎవరైనా పడుకుంటారా బండి కదిలేటప్పుడు?" అన్నాడు. లేదన్నాం. "మరి మంచానికి మంచి చోటు, పళ్ళకి చెడ్డ చోటు ఎందుకండీ? బరువు ఇరుసుకి ముందుండాలి. వెనక మూల ఎప్పుడూ ఎక్కువ ఎగురుద్ది."

టీ కొట్టు పక్కనే లారీలకి కట్టలేసే షెడ్డుంది. బావ దాని వైపు చూశాడు, బండి వైపు చూశాడు. అప్పుడు అక్క ఫోను. స్పీకర్లో పెట్టాడు.

"ఎక్కడున్నారు?"

"నందిగామ."

"నిన్న బయల్దేరి నందిగామా? నడిచొస్తున్నారా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "పళ్ళెట్లా ఉన్నాయి శీనూ?" అంది.

అక్క బావని పేరు పెట్టి పిలిచేది బాగా భయపడ్డప్పుడే. బావ "వస్తన్నాయిలే," అని పెట్టేశాడు. తర్వాత షెడ్డాయన దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమో అన్నట్టు చెప్పాడు. "పక్కకి రెండేసి కట్టలు తియ్యాలి."

"వెయ్యాలా?"

"తియ్యాలి."

షెడ్డాయన చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "వేయించుకోడానికి వస్తారు గానీ, తీయించుకోడానికి వచ్చింది మీరే మొదలండీ," అన్నాడు గట్టిగా. టీ కొట్టు మొత్తం విన్నది.

నలభై ట్రేలూ దింపి షెడ్డు నీడలో పెట్టాం. నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఒక్కో ట్రే పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తాం. వీరాస్వామి గారు వెళ్ళాల్సినవాడు అరగంట ఆగి, ఎలా పేర్చాలో చూపించాడు. క్యాబిన్‌కి ఆనించి మొదలు, వరసకీ వరసకీ మధ్య గడ్డి, చివర మంచం అడ్డం. మడత మంచం ఆ రోజు మొదటిసారి పనికొచ్చింది. ఆయనకి డజను పళ్ళివ్వబోతే రెండే తీసుకున్నాడు. "షుగరండీ," అని, ఒకటి మా కళ్ళ ముందే పిసికి, ముచ్చిక కొరికి, కళ్ళు మూసుకుని ఆఖరి చుక్క దాకా పీల్చాడు. రెండోది జేబులో వేసుకున్నాడు. మేం షుగరు గురించి అడగలేదు.

పని మూడు గంటలు పట్టింది. కూలి ఎనిమిది వందలు. గాలి యాభైకి తగ్గించారు. బావ అటు చూడకుండా తల తిప్పుకున్నాడు. బండి వెనక కొంచెం కిందకి దిగి, లోకంలో మిగతా బళ్ళలా నిలబడింది. తీసిన నాలుగు కట్టలూ గోనెపట్టాలో చుట్టి క్యాబిన్‌లో సీటు వెనకాల పెట్టుకున్నాడు.

"అవెందుకు బావా?"

"ఉండనీరా. మళ్ళీ వేయించుకోవచ్చు."

సూర్యాపేట

రాత్రి ఇక్కడ పడుకున్నాం. దోమలు తప్ప చెప్పుకోవాల్సినవేం లేవు. తెల్లారగట్ల నాలుగింటికే హోటల్లో కుర్చీ లాగగానే "ఏం గావాలన్నా?" అన్నాడు సర్వరు. మా వైపు ప్రతి మాటకీ చివర అండీ తగిలిస్తారు. ఇక్కడ మొహం చూడగానే అన్నయ్యని చేసేస్తారు. బావ అలవాటుకొద్దీ "అల్లం చట్నీ ఉందాండీ?" అన్నాడు. "పల్లీ చట్నీ ఉందన్నా," అని, పల్చగా చేసిన చట్నీ గిన్నెడు పోసి పోయాడు. ఇడ్లీ అందులో ఈదింది. నాకు నచ్చింది. బావ మాత్రం చివరిదాకా అల్లం కోసం వెతికాడు.

బావకి అసలు తిండి మీద ధ్యాస లేదు. కట్టలు తీశాక బండి నడక మారింది. వంతెన అతుకు వస్తే వెనక కొంచెం ఊగి సర్దుకుంటోంది. అయినా బావ మొహంలో కళ లేదు. "వెనక దిగిపోయినట్టుంది కదరా?" అని నాలుగుసార్లు అడిగాడు. రసాలు ఈ రోజు పండుతాయి. ట్రేలు విప్పి చూద్దామా అని నేనడిగితే వద్దన్నాడు. నాకూ ధైర్యం లేదు గానీ, అడిగినట్టు ఉంటుందని అడిగాను.

హైదరాబాదు, ఆదివారం

ఎనిమిదికి అయిదు నిమిషాల ముందు గేటు దగ్గరున్నాం. వాచ్‌మన్ ముందుగా బండి కిందకి వంగి చూశాడు, ఏమన్నా కారుతోందా అని. పోయినసారి కడిగింది ఆయనే.

అక్క మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో నోటుబుక్కు, వెనకాల సంచీలతో ఇరవై ముప్పై మంది. అక్క నేరుగా బండి దగ్గరికి వచ్చింది. బండెక్కి మంచం పక్కకి నెట్టి, చివరి వరసలో అట్టడుగు ట్రే లాగింది. గడ్డి తీసి ఒక పండు పట్టుకుంది. పసుపుపచ్చగా, ముచ్చిక దగ్గర కొంచెం ముడతపడి, నిండుగా ఉంది. ఇంకొకటి. ఇంకొకటి. మూడో ట్రే దగ్గర ఆగింది. అందులో సగం మెత్తబడ్డాయి. శుక్రవారం దెబ్బ తిన్న ట్రే అది. అలాంటివి మొత్తం మూడు తేలాయి. మూడూ పక్కన పెట్టించింది.

"ముప్పై ఏడు," అంది అక్క. అంతే. ఏడవలేదు, నవ్వలేదు. నోటుబుక్కు తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ట్రేలు అందని ముగ్గురికి వచ్చేవారం మొదటి ట్రేలంది. వాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళలో ఒకావిడ అక్కడే ఒక పండు కొనుక్కుని, కత్తి, ప్లేటు తెప్పించి, చక్రాలుగా కోయబోయింది. రసం ప్లేటంతా కారి మోచేతి దాకా వచ్చింది. మా బావ చూడలేక మొహం తిప్పుకున్నాడు. అక్క వెళ్ళి ఇంకో పండు తీసి, ఎలా పిసకాలో, ఎక్కడ కొరకాలో ఆవిడకి చూపించింది. కాసేపటికి పార్కింగులో పదిమంది చీరలూ నైటీలూ కాపాడుకుంటూ ముందుకి వంగి పీలుస్తున్నారు. సమయానికి గుత్తదారు ఫోను చేశాడు. అక్క బావ చేతిలోంచి ఫోను లాక్కుంది.

"పళ్ళు క్షేమమేనండీ. తోట కూడా క్షేమమే," అని పెట్టేసింది.

మధ్యాహ్నం తన క్లాస్‌మేట్ ఇంట్లో భోజనాల దగ్గర అక్క చెప్పింది. "వచ్చేవారం అరవై ట్రేలడిగారు."

బావ కళ్ళు వెలిగాయి. ఆ వెలుగు నాకు తెలుసు. ఆ కళ్ళు కిటికీలోంచి కిందకి, బండి వైపు, అందులో గోనెపట్టా వైపు వెళ్ళాయి. అరవై అంటే పన్నెండు వందల కేజీలు. బండి వెనక మళ్ళీ ఎత్తుగా లేవాలి. నేను లేచి కిటికీ తలుపు వేసేశాను.

మళ్ళీ మైలవరం

అక్క ఇంకో వారం అక్కడే ఉంటానంది. సోమవారం మేమిద్దరం ఖాళీ బండితో తిరిగొచ్చాం. మైలవరంలో బావ ఏం చెప్పకుండా బండిని బాషా షెడ్డు వైపు తిప్పాడు. అయిపోయిందనుకున్నాను. దార్లో నేను చెప్పాల్సిన మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను, కంపెనీ లెక్క ప్రకారం ఈ బండి టన్నున్నర మోస్తుందని, అరవై ట్రేలు అంతకు తక్కువేనని. చెప్పి లాభం లేదని కూడా తెలుసు. నా దగ్గర గుడ్లు లేవు.

బాషా జాకీ లాక్కుంటూ వచ్చాడు. "తీశావా? మళ్ళీ వెయ్యాలా?"

బావ గోనెపట్టా దింపి నేల మీద పరిచాడు. నాలుగు కట్టలు. "ఇక్కడ కొలిమి పని చేసేవాళ్ళు ఎక్కడుంటారు బాషా?"

"ఎందుకు శీనన్నా?"

"ఈ ఇనుముతో కత్తులు బాగుంటాయంటారుగా. కోత అయ్యాక తోటలో కొమ్మలు కొట్టించాలి."

బాషా నావైపు చూశాడు. నేను జాకీ వైపు చూశాను. బావ మనసు మార్చుకునేలోపే బాషా జాకీని వెనక్కి నెట్టేశాడు.

కొలిమాయన కట్టని చేత్తో ఎత్తి చూసి మెచ్చుకున్నాడు. "మంచి ఇనుమండీ. ఎన్ని కావాలి?"

"ఎన్ని వస్తే అన్ని. ఒకటి మటుకు చిన్నది, పిడి సన్నగా. ఆడవాళ్ళ చేతికి." బావ నా వైపు తిరగకుండానే అన్నాడు. "మీ అక్కకి."

నేను పక్కకెళ్ళి మొహం కడుక్కున్నాను. కొలిమి పొగ.

బయటికొచ్చాక బావ ఒకే ఒక్క కోరిక కోరాడు. వెనక టైర్లలో అయిదు పాయింట్లు గాలి ఎక్కువ పెట్టించాడు. పెట్టించుకోనిచ్చాను. మనిషికి ఏదో ఒకటి మిగలాలి.

రెడ్డిగూడెం దాటాక, బైకాయన ట్యాంకు మీద కాయ పడ్డ చోటికి వచ్చాం. దూరం నుంచే కనిపించింది.

"కల్వర్టూ!" అని కేకేశాడు బావ.

ఇద్దరం సీట్లోంచి లేచి గాల్లో ఉండిపోయాం. బండి ఎగరలేదు.